పేపర్లో నాన్న పేరు

జాలారిపేట, విశాఖపట్నం
14-2-1999

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లి సూర్యకళ నమస్కారాలు. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ, మన రెండు కోళ్లూ కులాసా. వేరావల్‌లో నీ ఒంట్లో ఎలా ఉందో, చలి తగ్గిందో లేదో రాయి. ఆ గుజరాతీ రొట్టెలు అరగడం లేదన్నావు కదా, అమ్మ ఎండు మెత్తళ్లు మూటకట్టి పక్కింటి రాముచేత పంపుతోంది. వాడు రేపు బయలుదేరి మీ బోటు దగ్గరికే వస్తున్నాడు. ఈ ఉత్తరం కూడా వాడి చేతికే ఇస్తున్నాను. దారిలో సగం మెత్తళ్లు వాడే తినేస్తే నా పూచీ లేదు.

అమ్మ పంటినొప్పి సంగతి అడిగావు. సీతమ్మధారలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పీకించాను. "ఒలమ్మో, పన్నుతో పాటు పేనం గూడా లాగీసినాడే!" అని రెండు రోజులు వీధంతా చెప్పింది. ఇప్పుడు నిక్షేపంగా చెరుకు నములుతోంది.

ఇక నీ రెండో ప్రశ్న. టీ కొట్లో ఇంగ్లీషు పేపరు చూస్తున్నాననీ, బోటు మునిగినా బస్సు లోయలో పడినా 'ఫియర్డ్ డెడ్', అంటే పోయారని భయం, అనే రాస్తారనీ, ఇంతకీ ఆ భయపడేది ఎవరనీ అడిగావు. నిజం చెప్పనా? ఎవరూ భయపడరు. ద్వారకా నగర్‌లో మా పేపరు ఆఫీసులో ఫ్యాను కింద కూచుని, టీ తాగుతూ రాసేస్తాం. మనిషి పోయాడని రాయాలంటే శవమైనా దొరకాలి, చెప్పిన అధికారి పేరైనా ఉండాలి. రెండూ లేనప్పుడు 'ఫియర్డ్' అని పెడితే పోయాడని చెప్పినట్టూ ఉంటుంది, రేపు తిరిగొస్తే మాట మన మీదికి రాకుండానూ ఉంటుంది. మా డెస్కులో ఇంకో అలవాటు కూడా ఉంది. వేటకెళ్లిన బోటు రాకపోతే ఆరు రోజులు 'మిస్సింగ్' అని రాస్తాం. ఏడో రోజున, ఎవరూ ఏమీ చెప్పకపోయినా, అది 'ఫియర్డ్ డెడ్' అయిపోతుంది. మా సీనియర్ నీలకంఠం గారు క్యాలెండరు చూసి మరీ మార్పిస్తారు.

అన్నయ్యా, నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. కంగారు పడకు, నాన్న ఇప్పుడు అరుగు మీద కూచుని వల బాగుచేస్తున్నాడు. నవంబరులో నాన్న ఎక్కిన బోటు ఇంజను చెడి, గాలికి కొట్టుకుపోయి, ఎనిమిది రోజులు జాడ లేకుండా పోయింది. "ఆడికి రాయకు. ఆడూ సంద్రం మీదే ఉన్నాడు, సెయ్యి వణికితే కష్టం" అని అమ్మ ఒట్టు పెట్టించుకుంది.

ఆఫీసులోనూ చెప్పలేదు. చెబితే సెలవిచ్చి పంపేస్తారు, ఆ వార్త ఇంకెవరో రాస్తారు. ఎవరో రాయడం కన్నా నేను రాయడం నయమనిపించింది. ఆరు రోజులు 'మిస్సింగ్' అని రాశాను. ఏడో రోజు నీలకంఠం గారు "ఇవాళ్టి నుంచి మార్చెయ్యమ్మా" అన్నారు. మార్చేశాను. అయిదుగురి పేర్లలో మూడోది నాన్నది. నువ్వు చదువు మానేసి వలలు లాగి నాకు నేర్పించిన ఇంగ్లీషుతోనే రాశాను.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఎప్పటిలాగే నాన్నకు కూడా కలిపి వండింది. చేతినిండా గాజులు, పెద్ద బొట్టు. "మీ నాన్న పేరు పేపర్లో ఏసేరంట గదా, ఏటి రాసేవు?" అంది. "వెతుకుతున్నారని రాశానమ్మా" అన్నాను. నా తప్పు ఈ అబద్ధం ఒక్కటే కాదు. ఆ మాట రాసేటప్పుడు నాన్న నిజంగానే పోయాడని నమ్మేశాను. అందుకే ఈ మూడు నెలలూ నీకు సరిగ్గా ఉత్తరం రాయలేకపోయాను.

తొమ్మిదో రోజు ఒరిస్సాలోని పరదీప్ నుంచి ఫోనొచ్చింది. ఒక ఓడవాళ్లు వాళ్లను ఒడ్డుకు చేర్చారట. నాన్న వచ్చాక, ఇంగ్లీషు పేపర్లో తన పేరు పడిందని తెగ మురిసిపోయి, ఆ ముక్క కత్తిరించి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. అందులో ఏం రాసుందో నేను దాచేశాను. పోయిన వారం గుర్తింపు కార్డు కోసం మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్తూ, చేపల వేటగాడినని రుజువుగా ఉంటుందని ఆ అద్దాన్ని చంకలో పెట్టుకుని పోయాడు! గుమాస్తా చదివి పకపకా నవ్వి, "దాలయ్యా, ఇందులో నువ్వు చచ్చిపోయినట్టు ఉందయ్యా" అన్నాడట.

నాన్న ఇంటికొచ్చి నన్ను అరుగు మీదికి పిలిచాడు.

"నువ్వే రాసేవా?"

"నేనే నాన్నా."

"నాను పోనాననే అనుకున్నావేటి?"

ఇక దాచలేక, "అనుకున్నాను నాన్నా" అని ఏడ్చేశాను.

లోపల అమ్మ పళ్లాలు పెడుతున్న చప్పుడు వినబడుతోంది. నాన్న గొంతు తగ్గించి అన్నాడు: "ఊరుకో అమ్మా. తాగే నీళ్లయిపోనాక బోటులో అయిదుగురమూ అలగే అనుకున్నాం. మీ అమ్మొక్కర్తే అనుకోనేదు."

ఇట్లు,
నీ చెల్లి
సూర్యకళ