కొండచిలువే కొనమన్నాను

1990 ఆగస్టు, శుక్రవారం రాత్రి

నన్ను పనికి పిలిపించుకున్న మా కఫీల్ కొడుకు ఫహద్ పాముల అంగడిలో చిన్న బోవా పామునే చూసి ముచ్చటపడ్డాడు. "పామంటే కొండచిలువే, చూసినోళ్లు బెదరాల" అని ఎగదోసింది నేనే.

ఊరిని ఆక్రమించిన ఇరాక్ సైన్యానికి భయపడి ఈరోజు ఆ ఇంటివాళ్లంతా సౌదీకి వెళ్లిపోయారు. బోవా అయితే బుట్టలో పెట్టి ఒళ్లో తీసుకెళ్లేవాడు. కొండచిలువ పెట్టెకు కారులో చోటు చాలలేదు. ఫహద్ ఏడవలేదు. "నువ్వు చెప్పావనే కొన్నాను, నువ్వే చూసుకో" అన్నాడు.

రేపు మనోళ్ల బస్సు జోర్డాన్ మీదుగా ఇంటిదారి పడుతుంది. "పాము కోసం ఆగుతావా ఏందిరా? దానికి ఇఖామా పర్మిట్టు ఉందా?" అని వంటమనిషి సుబ్బన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంట్లో మాకే రొట్టె లేదు, దానికి కోడి ఎక్కడ తేను? పెట్టె మూత తీసి, పెరటి తలుపు తెరిచిపెట్టాను. ఇప్పుడే మళ్లీ వెళ్లి చూశాను. అది ఇంకా పెట్టెలోనే చుట్టుకుని ఉంది.