నాన్న పాటలో రెండు సెకన్లు

మార్క్,

మిల్లు నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చో, అన్నం తర్వాత తిందువుగాని. నువ్వు కాసెట్ నుంచి ఎక్కించిన నాన్న పాట సీడీ మళ్లీ బర్న్ చెయ్యాలి. ట్రాకుల మధ్య ఖాళీ ఎంతని అడిగే చోట రెండు సెకన్లని ఉంటుంది, దాన్ని సున్నా చెయ్. ఐదింటికి నాన్న జ్ఞాపకార్థ కూడిక. చర్చిలో ఉన్న పాత ప్లేయర్‌కి సీడీ తప్ప ఇంకేదీ ఎక్కదు.

పొద్దున అమ్మా నేనూ అక్కడ నీ సీడీ పెట్టి చూశాం. చరణానికో ట్రాకు చేశావు కదా, మొదటి చరణం అవగానే నాన్న గొంతు టక్కున ఆగిపోయింది. అమ్మ "ఏమండీ! ఏమైందండీ?" అని స్పీకర్ దగ్గరికి పరిగెత్తింది. పోయినేడు అదే మైకు ముందు పాడుతూ నాన్న కూలిపోయినప్పుడూ ఇట్లాగే అరిచింది. ఒక్కసారి విని చూసుకోకుండా ఎట్లా ఇచ్చావు?

అమ్మ చర్చి మెట్ల మీదే కూర్చుంది, ఇంటికి రానంటోంది. నేను తన దగ్గరికే పోతున్నా. నువ్వు సీడీ తీసుకుని నేరుగా అక్కడికి రా. వంకాయ కూర మూత కింద ఉంది.

లిడియక్క

కాసెట్లో చరణాల మధ్య నాన్న ఊపిరి తీసుకునే చప్పుడుంటుంది. ఖాళీ అనుకుని దాన్ని కోసెయ్యకు.