చూపించని రాయి

ఏప్రిల్ 9, బుధవారం

ఆఫీసు స్టాండప్ కాల్‌లో మ్యూట్ పెట్టుకుని డ్రిల్ రిపోర్ట్ చదివాను. ఘానా అడవిలో ఒక చిన్న కంపెనీ. గని లేదు, బంగారం లేదు. భూమికి చిల్లులు వేసి, కింద ఉందేమోనని వెతకడమే దాని పని. షేరు మాత్రం ఎవరైనా కొనొచ్చు. మే నెలలో పెద్ద రిజల్ట్ వస్తుందట. ఉందని తేలితే నా పంట పండినట్టే. లేదని తేలితే గోవిందా. రిపోర్ట్‌లోని మ్యాప్‌లో అడవి పచ్చరంగు చూస్తూ ఎటో వెళ్లిపోయాను. మేనేజర్ నా పేరు రెండుసార్లు పిలిచాడట.

ఏప్రిల్ 13, ఆదివారం

ఆ షేరు కొంటానని మా ఆయన మధుకి చెప్పాను. డబ్బెక్కడిది అన్నాడు. మా అవ్వ ఈశ్వరమ్మ ఇచ్చిన కాసులపేరు అమ్ముతానన్నాను. ఉన్న బంగారం అమ్మి లేని బంగారం కొంటావా అన్నాడు. చేతిలో డబ్బు అయిపోయినప్పుడల్లా ఆ కంపెనీలు కొత్త షేర్లు వదులుతాయి, మజ్జిగలో నీళ్లు పోసినట్టు మన వాటా పల్చనవుతూ పోతుంది అన్నాడు. నిజమే. నాకూ తెలుసు. తెలిసినా ఆశ చావట్లేదు.

నగ నీది, ఇష్టం నీది అని గ్రైండర్ ఆన్ చేశాడు. ఆ మాటకే కోపమొచ్చింది. వద్దంటే హాయిగా పోట్లాడేదాన్ని.

ఏప్రిల్ 24

మా లింగంపల్లి అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయింది. కొత్తది వేయడానికి లారీ వచ్చింది. పొద్దుటి నుంచీ తెల్లటి దుమ్ము. లాగిన్ అవకుండా బాల్కనీలోనే నిలబడ్డాను. చేతుల మీద పడ్డ దుమ్మును వేలితో రుద్ది చూసుకున్నాను, మెరుస్తుందేమోనని. పిచ్చిదాన్ని.

ఏప్రిల్ 25

వెయ్యి అడుగులు. నీళ్లు పడలేదు.

మే 4, ఆదివారం

కాసులపేరు తీసి అద్దం ముందు వేసుకున్నాను. ఆఖరిసారి అనుకున్నాను. మా అత్తమ్మ చూసింది. చెప్పక తప్పలేదు. తిడుతుందనుకున్నాను. పక్కన కూర్చోమంది.

వాళ్ల కర్నూలు వైపు తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు. మామయ్య కూడా ఏటా పనులు మానుకుని పోయేవాడట. ఎప్పుడూ ఒట్టి చేతులే. కోపం రాలేదా అంటే, యాడ్నుంచి వస్తాది, ఆ నాలుగు దినాలు మనిషి మొగంలో వెలుగుండేది అంది.

తర్వాత పెట్టె అడుగు నుంచి పసుపుగుడ్డ ముడి తీసి విప్పింది. శనగగింజంత రాయి. ఒక ఏడు తనకే దొరికిందట. ఎవరికీ చూపలేదు, మామయ్యక్కూడా. చూపిచ్చినామంటే గాజుపెంకని తేల్తాదేమో, చూపియ్యలేదు కాబట్టి ఇన్నేండ్లూ అది వజ్రమే అంది.

దాన్ని నా చేతిలో పెట్టింది. అవ్వ నగ అమ్మాకు, ఉండాదో లేదో తెలీని బంగారానికి దీన్ని పెట్టు అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మే 9, శుక్రవారం

చందానగర్‌లో నగల షాపు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని చెయ్యి చాపాడు. నా గుప్పిట తెరుచుకోలేదు. మీది కర్నూలా మేడం అని నవ్వాడు.

నగ, రాయి రెండూ బీరువాలో పెట్టేశాను. షేరు కొనలేదు.

మే 20

రిజల్ట్ వచ్చింది. బంగారం ఉందట. షేరు మూడింతలు.

ఆఫీసు వాష్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఇంటికొస్తే మధు టీ పెట్టిచ్చాడు. అత్తమ్మ, ఆ బంగారం పైకొచ్చిందా అని అడిగింది. ఇంకా లేదు, తవ్వడానికే పదేళ్లు పడుతుందట అన్నాను. అయితే వాళ్లదీ ఇంకా ముడిలోనే ఉండాది అంది. ఏడుస్తూనే నవ్వాను.

మే 27

తొలకరి. హాఫ్ డే లీవ్. కాసులపేరు వేసుకున్నాను. ముగ్గురం ఖాజాగూడ రాళ్ల మధ్య, తలలు వంచుకుని తిరిగాం. మధు బురదలోంచి ఏదో ఏరి జేబులో వేసుకున్నాడు.

ఏమిటని నేను అడగలేదు. అతను చూపించలేదు.