వెల్లకిలా పెట్టిన గిన్నెలు

వదినగారికి నమస్కారం.

గిన్నెలు కడిగే మెషిన్ కొన్న కొత్తలో మీ చెల్లెలు గిన్నెలన్నీ వెల్లకిలా పెట్టేది. కడగడం అయ్యాక చూస్తే గిన్నె నిండా మురికినీళ్లే. ప్రాణం విసిగి, "నువ్వు తప్పుకో, నేను సర్దుతా" అన్నాను.

తప్పుకుంది. ఆరు నెలలుగా ఆ ఛాయలకే రాలేదు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "ఆ గరిటె నీళ్లు చిమ్మే రెక్కకు తగులుతుందండీ, పడుకోబెట్టండి" అంటుంది. చెప్పిందల్లా సరిగ్గానే ఉంటుంది!

నిన్న నోరు జారింది. మీ ఇంట్లో ఉన్న రెండేళ్లూ మీ గిన్నెల మెషిన్ సర్దింది తనేనట. దాచకుండా చెప్పండి, అక్కడా వెల్లకిలే పెట్టేదా?

జవాబు త్వరగా, నా ఆఫీసుకు రాయండి. ఎల్లుండి బట్టలుతికే కొత్త మెషిన్ వస్తోంది. "ఆ బటన్లు నాకేం అర్థమవుతాయండీ" అని ఈవిడ ఇప్పటినుంచే మొదలుపెట్టింది.

తడిచేతులతో,
మీ మరిది