చెవిటి రేవు వారసులకు

మా అన్న మా తాతను గాలికొదిలేశాడు. మాటవరసకి అనడం లేదు. ఊరి చరిత్ర పుస్తకంలో ‘చెవిటి రేవు’ అన్న చోట, “ఇక్కడి ఎదురుగాలికి అవతలి ఒడ్డు కేక వినపడదు కనుక ఆ పేరు వచ్చింది” అని అచ్చు వేయించాడు. తాత ఊసే లేదు.

సరస్సు ఒడ్డు షెడ్డులో పడవలకు తారు పూసే పనివాణ్ని, రేవు దాటించిన తాతకు చిన్న మనవణ్ని అయిన నేను, తూము తలుపు కింద ఇరుక్కున్న మొద్దును తీయడానికి సోమవారం నీళ్లలోకి దిగుతున్నాను. కిందటిసారి దిగినవాడు పైకి తేలాడు కానీ మళ్లీ లేవలేదు. అందుకని ఈ వీలునామా. నా బుద్ధి నిలకడగానే ఉంది. కోపం ఉంది. కోపానికీ మతి తప్పడానికీ తేడా తెలిసే రాస్తున్నాను. రాయమని ఎవరూ బలవంతపెట్టలేదు. దిగొద్దని బతిమాలింది మాత్రం వదిన ఒక్కతే.

1. తాత పడవ గడ, దాని మీద నాకున్న సర్వహక్కులతో సహా, అవతలి ఒడ్డున చాపలల్లే ముసలి పెద్దమ్మకు చెందాలి. కారణం రాయాల్సిందే. ఒకప్పుడు అవతల జ్వరాలు పట్టుకుంటే, చాపలవాళ్లను ఎవరూ ఇటు దాటించకూడదని ఊరి పెద్దలు రేవులో నిలబడి ఆజ్ఞ ఇచ్చారు. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏంటి బాబూ? చెవుడు, గట్టిగా చెప్పండి” అన్నాడట. వాళ్లు గొంతు చించుకుంటుండగానే గడ వేసి అవతలికి పోయి, పిల్లాజెల్లా అందర్నీ తెచ్చి వైద్యుడి గుమ్మంలో దింపాడు. ఆ రోజు నుంచి పోయేదాకా చెవిటివాడిగానే బతికాడు. నాన్నమ్మ కూడా బయట ఆయనతో అరిచే మాట్లాడేది, ఇంట్లో మాత్రం గుసగుసలే. పెద్దమ్మ అప్పుడు జ్వరంతో ఆ పడవలో పడుకున్న పిల్ల.

2. నా నీలం దుప్పటి అన్నకు. “పెద్దాడికి కప్పరా, చదివి చదివి అలసిపోయాడు” అనేది నాన్నమ్మ. నాదే తీసి కప్పేవాణ్ని. ఇప్పుడు చట్టప్రకారం ఇస్తున్నాను, ఇక వాడికి మొహమాటం అక్కర్లేదు. మొహమాటం ఎప్పుడూ పడలేదనుకోండి.

3. తాత కథ. ఇది స్థిరాస్తో చరాస్తో నాకు తెలియదు. మంచాన పడ్డాక నాన్నమ్మ దీన్ని అన్న చెవిలోనే చెప్పింది. నేను ఆమె కాళ్ల దగ్గరే ఉన్నాను. “నువ్వెళ్లి నీళ్లు కాచు. వాడైతే రాసిపెడతాడు” అంది. కాచాను. ఆ తర్వాత తారు డబ్బాల మీద చూసి అక్షరాలు నేర్చుకున్నాను. నాకూ రాయడం వచ్చేసరికి ఆమె లేదు. కథంతా పెద్దమ్మ చెబితేనే తెలిసింది. సొంత నాన్నమ్మ మాట పరాయి గుమ్మంలో కూర్చుని విన్నాను. అవును, నాకు కుళ్లే. వాడి చదువు మీద కాదు, ఆ గుసగుస మీద. నాకు దక్కనిది తాను దక్కించుకుని, ఊరి సభలో ఆనాటి పెద్దల మనవల పక్కన తనకు కుర్చీ వేస్తారని గాలి కథ రాశాడు. కనుక ఈ కథను వాడి నుంచి తీసేసి, వాడి కూతురికి, మా చిట్టిగువ్వకు రాసిస్తున్నాను. దానికి ఇష్టం లేని పని చెబితే ఇప్పటికే వినపడనట్టు ఆడుకుంటుంది. తాత పోలిక.

4. వదినకు నా రేడియో. చెవి మెలిపెడితేనే పలుకుతుంది. అన్నతో ఆమెకు ఆ అలవాటు ఉంది.

వీటిని అమలు చేసే బాధ్యత షెడ్డు మేస్త్రీది. ఆయన నోటికి ఎవరూ ఎదురు నిలవరు.

తేదీ: ఈ నెల పదిహేడు, శుక్రవారం.
సంతకం: చిన్నోడు
సాక్షులు: తూము కాపలాదారు, రేవు పక్క టైలరు

సంతకాల కింద ఇంకొక్క మాట, అన్నకి. బుధవారం రేవులో రాతిపలక పాతుతున్నారు. దాని మీద నీ గాలి మాటే చెక్కుతున్నారట. ఆపించు. తాత ఎందుకు చెవిటివాడయ్యాడో అది చెక్కించు. చెక్కిస్తావో లేదో ఆదివారం పొద్దుగూకేలోగా షెడ్డుకొచ్చి నా మొహం మీద చెప్పు. వినపడలేదని మాత్రం అనకు. ఆ మాట మన ఇంట్లో ఒక్కడికే చెల్లింది.