మా వాడి ముందు ముగ్గురు

మార్చి 8, శుక్రవారం

చేపలు వేయించి వేయించి ఒళ్లంతా నూనె వాసన. ఈస్టర్‌కి ముందు వచ్చే శుక్రవారాల్లో ఊరికి ఊరే కాజ్ బార్‌లో తింటుంది. స్నానం చేసి కూర్చున్నా జుట్టులోంచి ఆ వాసన పోవడం లేదు.

అక్కడ వంట చేసేది నేనే, వంటింటి కిటికీలోంచి నాకు బార్‌లో మాటలన్నీ వినిపిస్తాయి. ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఎవడి తొడలు బలం, ఎవడి నడుము బిగువు, ఎవడికి పిరుదులు లేవు, ఎవణ్ణి ఏ రౌండులో తీసుకోవాలి. గొడ్ల సంతలో కూడా ఇంత వివరంగా మాట్లాడుకోరు. మా ఫుట్‌బాల్ జట్టు ఏటా ఓడిపోతుంది. కాలేజీ కుర్రాళ్లను జట్లు పంచుకునే డ్రాఫ్ట్‌లో ఓడిపోయినవాళ్లకే ముందు ఎంచుకునే వంతు వస్తుంది కాబట్టి, మా ఊళ్లో ఆటకంటే డ్రాఫ్ట్ పెద్ద పండగ. ఇన్నేళ్లూ నేనూ వింటూ నవ్వేదాన్ని. ఈ ఏడు నవ్వు రావడం లేదు. ఈ ఏడు సంతలో మా నోలన్ ఉన్నాడు.

స్కూల్ బస్సు నడిపే డ్వైట్ ఇవాళ మా వాడి గురించే మాట్లాడాడు. బరువు చాలు, అడుగులు చురుగ్గా పడతాయి, కానీ టాకిల్‌గా నిలబడి బంతి విసిరేవాడి వీపు కాయాలంటే చేతులు పొడుగుండాలి, అది తేలాలి అన్నాడు. నేనక్కడే గరిట పట్టుకుని ఉన్నానని వాడికి తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.

మార్చి 9, శనివారం

ఎర్ల్ నా కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి కొడుకు చేతులు కొలిచాడు. ముప్పై ఆరు అంగుళాలు వచ్చిందట. నోలన్ వంటింట్లో చేతులు చాపుకుని సిగ్గుపడుతూ నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల మనిషి, తలుపులోంచి పక్కకు తిరిగి దూరాలి. వాళ్ల నాన్న కొలుస్తుంటే మాత్రం ఐదేళ్లవాడైపోయాడు.

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మధ్యాహ్నానికల్లా ఊరంతా ముప్పై ఆరు.

మార్చి 20, బుధవారం

కాలేజీలో ఇవాళ జట్లవాళ్లు వచ్చి కుర్రాళ్లను పరీక్ష చేశారు. ఎర్ల్ తన పని, ఇళ్లను వెచ్చబెట్టే ఫర్నేసుల రిపేర్లు, మానుకుని వాడితో వెళ్లాడు.

ఆటల పుస్తకాల్లో మా వాణ్ణి ఆరడుగుల ఐదంగుళాలని వేస్తారు. నిజానికి ఆరూ మూడు. కాలేజీలన్నీ రెండంగుళాలు కలిపి వేస్తాయి, అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరి కొడుకు దగ్గరికొచ్చేసరికి వాళ్లు నమ్మేస్తారు. ఎత్తు సంగతి పోనీ. చేతులు ముప్పై ఒకటీ ముప్పావు.

ఎర్ల్ అక్కడే గొడవ పడ్డాడట, మీ టేపు తప్పని. వాళ్లు భుజం ఎముక చివరనుంచి కొలుస్తారు. ఈయన కాలరు దగ్గరనుంచి పట్టాడు, నేను చొక్కాలకు పట్టినట్టు. ఇన్నేళ్లు టీవీ ముందు కూర్చుని ఎవరెవరి చేతులకో వంకలు పెట్టిన మనిషికి చెయ్యి ఎక్కడ మొదలవుతుందో తెలియదు.

నోలన్ ఇంటికొచ్చి ఆరు గుడ్లు, గిన్నెడు ఓట్స్ తిన్నాడు. బరువు తగ్గకూడదు కదా.

మార్చి 22, శుక్రవారం

మళ్లీ చేపలు. కిటికీ మూసేద్దామనుకున్నాను, కానీ మూస్తే పొగ.

టాకిల్‌గా పనికిరాడు, లోపలికి జరిపి గార్డ్‌గా ఆడించాలి అని తేల్చారు. మా జట్టుకి గార్డ్‌లు ఎక్కువే ఉన్నారు, ఆ చోటుకి ఇంకొకడు అక్కర్లేదని కాజ్ అన్నాడు. ఏడో రౌండులోనైనా తీసుకోవచ్చని ఒకరు, తీసుకోరని ఇంకొకరు. పందేలు కాశారు. మా వాడి మీద, నేను వేయించిన చేప తింటూ.

ప్లేటు ఇవ్వడానికి వెళ్తే డ్వైట్ నన్ను ఓదార్చాడు కూడా. "బర్నీస్, నీ పెంపకంలో తప్పేం లేదు. చేతులంటావా, అవి తిండి పెడితే పెరిగేవి కావు."

వాడి ప్లేటులో నిమ్మకాయ ముక్క వేయలేదు. నా చేతనైంది అంతే.

ఏప్రిల్ 25, గురువారం

మొదటి రౌండు. మా జట్టు గార్డ్‌నే తీసుకుంది. దక్షిణాది కుర్రాడు, చేతులు మోకాళ్లదాకా ఉన్నాయి.

ఏప్రిల్ 27, శనివారం

ఎర్ల్ నలభైమందిని పిలిచాడు. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు కేకు మీద జట్టు రంగులు కూడా వేయించాడు. నేను సాసేజ్‌లు, బంగాళాదుంప సలాడ్ చేశాను. అందరూ హాల్లో టీవీ ముందు కిక్కిరిసి కూర్చున్నారు. నోలన్ సోఫా మధ్యలో, ఇస్త్రీ చొక్కాతో, ఒళ్లో ఫోను పెట్టుకుని.

ఐదో రౌండు, ఆరో రౌండు. పేరు చదివినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ కుర్రాడి కొలతలు చెప్పేవారు. మా వాడికంటే ఎక్కడ ఎక్కువో అందరికీ తెలుస్తూనే ఉంది. ఏడో రౌండు మధ్యలో జనం లేవడం మొదలుపెట్టారు. ఒకరికి పిల్లలు ఏడుస్తున్నారు, ఒకరికి పొద్దున్నే చర్చి. నన్ను కౌగిలించుకుని మరీ వెళ్లారు. చావింటి నుంచి వెళ్లినట్టు వెళ్లారు.

అంతా అయిపోయాక ఫోను మోగింది. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాళ్లను జట్లు పిలిచి క్యాంపులో చూస్తాయి. పిలిచింది మా జట్టే. ఎర్ల్ వాకిట్లోకి పరిగెత్తి, కారెక్కుతున్న కాజ్‌ని వెనక్కి లాక్కొచ్చాడు. నోలన్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆ పొట్టి చేతులతోనే.

ఇంత సంతోషం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు. అందుకే భయంగా ఉంది.

ఆగస్టు 4, ఆదివారం

క్యాంపు నుంచి నోలన్ ఫోను చేశాడు. గదిలో తోడు హోల్ట్ అనే కుర్రాడట. రెండేళ్లుగా జట్టులో ఉన్నాడు, ఎడమ గార్డ్ అతనే. అడుగు ఎలా వేయాలో రాత్రి భోజనమయ్యాక కారిడార్లో మా వాడికి నేర్పిస్తున్నాడట. తన చోటుకే ఎసరు పెట్టేవాడికి ఎందుకు నేర్పుతున్నాడని ఎర్ల్ అడిగాడు. మంచివాడు కాబట్టి నాన్నా అన్నాడు నోలన్. ఎర్ల్‌కి ఆ జవాబు అర్థం కాలేదు.

ఆగస్టు 27, మంగళవారం

తీసేశారు.

ఆగస్టు 30, శుక్రవారం

ఇంటికొచ్చాడు. మూడు వందల పది పౌండ్ల మనిషి మెట్లెక్కుతుంటే చప్పుడే లేదు.

కోచ్ చెప్పాడట, బాగా ఆడావు, గార్డ్ చోటుకి నీ ముందు ముగ్గురున్నారు, బరువు దించకు, ఫోను పక్కనే పెట్టుకో అని. ఎర్ల్ ఆ మాటను వేదవాక్కులా పట్టుకున్నాడు. బార్‌కి మోసుకెళ్లాడు కూడా. ఇప్పుడు వాళ్లకు ఆ ముగ్గురి పేర్లూ, వాళ్ల పాత గాయాలూ కంఠతా వచ్చు. ఒకడికి కాలేజీలో చీలమండ విరిగిందట. ఇంకొకడు లావు, ఆ బరువుకు మోకాళ్లు ఎన్నాళ్లు ఆగుతాయన్నాడు డ్వైట్. మా మీద ప్రేమతోనే అంటున్నాడు. అదే భరించలేకపోతున్నాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

నోలన్ పగలు తండ్రితో ఫర్నేసు పనికి వెళ్తున్నాడు. బేస్‌మెంట్లలో పట్టడు, కాబట్టి పైనుంచి పనిముట్లు అందిస్తాడు. సాయంత్రం పరుగు, బరువులు, తిండి. ఆకలి లేకుండా తింటాడు. చాలు లేరా అంటే, ఫోను వస్తే ఎలా అమ్మా అంటాడు.

మొదటి ఆట ఓడిపోయాం. ముగ్గురూ క్షేమం.

"ముగ్గురూ క్షేమం" అని చేత్తో రాసి, ఆ ముక్కను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

రాయాలి. ఎవరితోనూ అనలేను.

కాజ్ బార్‌లో వాళ్ల నాన్న కాలంనుంచీ ఒక పద్ధతి ఉంది. ఆటగాడు పడి లేవకపోతే, మనవాడైనా పరాయివాడైనా సరే, టీవీ గొంతు తగ్గించి టోపీలు తీస్తారు. లేచి నిలబడేదాకా ఎవరూ గ్లాసు ముట్టరు. తాగుబోతులు కూడా ఈ పద్ధతి తప్పడం నేను చూడలేదు.

ఇవాళ రెండో క్వార్టర్‌లో హోల్ట్ పడ్డాడు. ఎవడో వెనకనుంచి అతని కాలి మీద కూలబడ్డాడు. మోకాలు వంగకూడని వైపు వంగింది. కాజ్ గొంతు తగ్గించాడు. టోపీలన్నీ తీశారు. నేను గరిట కింద పెట్టి కిటికీ దగ్గరికి వచ్చాను.

అప్పుడు చూశాను. ఒక్కడూ టీవీ వైపు చూడటం లేదు. బార్ చివర కూర్చున్న నోలన్ ముందు ఫోను ఉంది. టోపీలు గుండెల మీద పెట్టుకుని అందరూ ఆ ఫోను వంక చూస్తున్నారు. ఎర్ల్ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడు. హోల్ట్ కోసం కాదని ఇన్నేళ్లు కాపరం చేసిన దాన్ని, నాకు తెలియదా.

నాకు సంతోషం కలిగింది. నాకు నేనే రాసుకుంటున్నప్పుడు అబద్ధమెందుకు. గుండె ఎగిరింది. సరిగ్గా అప్పుడే టీవీలో ఒక ఆవిడను చూపించారు, హోల్ట్ పేరున్న స్వెట్టరు వేసుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నా వయసే ఉంటుంది.

డ్వైట్ మెల్లిగా, ఎంతో మర్యాదగా అన్నాడు. "ఇంక ఇద్దరే, బర్నీస్."

నోలన్ లేచి బయటికి వెళ్లాడు. ఫోను అక్కడే వదిలేశాడు. ఎర్ల్ దాన్ని తీసుకుని వెనకాలే పరిగెత్తాడు.

సెప్టెంబర్ 23, సోమవారం

ఫోను వచ్చింది. రేపు వచ్చి కనబడమన్నారు. ఎర్ల్ ఏడ్చాడు. నోలన్ తలుపేసుకుని హోల్ట్‌కి ఫోను చేశాడు. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు.

సెప్టెంబర్ 24, మంగళవారం

ఐదుగురిని పిలిచారట. మళ్లీ చేతులు కొలిచారు. ఈలోపు పెరిగాయేమోనని కాబోలు.

ముప్పై నాలుగేళ్ల పాతకాపును తీసుకున్నారు. మిగతా నలుగురికీ శాండ్‌విచ్‌లు పొట్లం కట్టి ఇచ్చి పంపారు.

కాజ్ ఫోను చేసి బాధపడకండి అన్నాడు. వెనకనుంచి డ్వైట్ గొంతు వినపడింది, లెక్క సరిచేస్తున్నాడు. మళ్లీ ముగ్గురు.

సెప్టెంబర్ 30, సోమవారం

ఇవాళ పొద్దున నోలన్ ప్లేటు పక్కకు తోసి, మెల్లిగా, వాళ్ల నాన్న మొహం చూడకుండా అన్నాడు. "నేను మానేస్తాను. బరువు దించుకుంటాను. ఫర్నేసు పని నేర్పు నాన్నా, సరిగ్గా నేర్పు. నిన్న టీవీ పెట్టాలంటే భయం వేసింది. పెట్టాక, ఎవరూ పడలేదని బాధ వేసింది."

ఎర్ల్ అరిచాడు. ఇన్నేళ్ల కష్టం, ఇంత శరీరం, ఒక్క మోకాలి దూరంలో ఉన్నాం అన్నాడు. ఆ మాట అన్నాక తనకే ఎలాగో అనిపించినట్టుంది, లేచి చేతులు కడుక్కున్నాడు. మళ్లీ వచ్చి అదే మాట ఇంకోలా చెప్పాడు. ఆ పాతకాపు చలికాలం దాకా ఆగడు, రాసి పెట్టుకో అన్నాడు.

నోలన్ నా వైపు చూశాడు. నేను సరే మానేయి అంటే మానేసేవాడు. వాడి కళ్లలో అదే కనిపించింది. నా నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏప్రిల్‌లో వాడు నన్ను ఎత్తి తిప్పిన రోజు గుర్తొచ్చింది. ఇంకొక్కసారి అలాంటి రోజు వస్తుందేమోనన్న ఆశ పిశాచంలా పట్టుకుంది.

చలికాలం దాకా చూద్దాం రా అన్నాను.

ప్లేటు తన ముందుకు లాక్కున్నాడు. అంతా తిన్నాడు.

అక్టోబర్ 10, గురువారం

ప్రాక్టీసులో పాతకాపు కాలు విరిగిందట, సాయంత్రం వార్తల్లో చెప్పారు. ఎర్ల్ చాక్లెట్ కేకు తెచ్చాడు. నోలన్ పైకి వెళ్లిపోయాడు. నేను రెండు ముక్కలు తిన్నాను. బాగుంది.