హఫీజ్ బ్యాడ్జీ తప్పట

పినపాక.

అమ్మా ఫాయిజా, అల్లా దయ! తమ్ముడు హఫీజ్ బాగున్నాడు, బంగారు తల్లీ, బాగున్నాడు! ఎక్స్‌రే పనిలో ఒంటికి తగిలిన కిరణాలను లెక్కగట్టే వాడి బ్యాడ్జీయే తప్పట. ల్యాబు వాళ్లు పరీక్షించి చెప్పారు, వాడిది తగలనిదీ చూపిస్తోంది. వాడితో పనిచేసే మన మొండయ్యదేమో ఎంత తగిలినా చూపలేదు.

“నా బ్యాడ్జీల తక్కువుంది, నువ్ దూరముండు తమ్మీ” అని ఇన్నాళ్లూ హఫీజ్ వంతు పని కూడా అతనే చేశాడు. కాంట్రాక్టరు “మిషిన్లన్నంక గిట్లనే ఉంటయి” అని నవ్వాడు. మొండయ్య కూడా నవ్వి, “చాచా, నీ కొడుకు బతికిండు, చాయ్ తాపవా?” అన్నాడు.

రేపు అతణ్ణి రక్తపరీక్షకు దవాఖానాకు తీసుకుపోతున్నాను. మేక ఈనిందా? అమ్మీ మోకాలు ఎలా ఉంది? మొక్కుకున్న మిఠాయి మాత్రం పంచొద్దు తల్లీ, మొండయ్య భార్య బతుకమ్మది మన పక్కిల్లే. నా దువా ముందు ఆమెకు, తర్వాతే మీకు.

మీ అబ్బా